రొమ్ము నిలిపే క్యాన్సర్ శస్త్రచికిత్స: ఆకృతి ఎక్కడ నిర్ణయమవుతుంది?

క్లుప్తంగా

తొలిదశ రొమ్ము క్యాన్సర్‌లో గడ్డను మాత్రమే తీసి, రొమ్మును నిలిపి, ఆపైన రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసేసినా ప్రాణం దక్కే అవకాశం ఒకటేనని ఇరవయ్యేళ్ల పరిశీలనలు తేల్చాయి. నిలిచిన రొమ్ము ఏ ఆకారంలో నిలుస్తుందన్నది మాత్రం వేరే ప్రశ్న. గడ్డకూ రొమ్ముకూ మధ్య నిష్పత్తి, గడ్డ ఉన్న చోటు, తొలి కోత పెట్టిన తీరు, రేడియేషన్ మోతాదు దాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో చాలావాటిని ఆపరేషన్‌కు ముందే లెక్క వేసుకోవచ్చు. ఆపరేషన్, రేడియేషన్ రెండూ అయ్యాక సరిదిద్దడం కష్టం.

రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ అయిన ఇంట్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: మొత్తం తీసేయించుకుంటే జబ్బు పీడ విరగడవుతుంది, కొంత ఉంచితే జబ్బునూ కొంత ఉంచినట్టే. వినడానికి ఇది తర్కబద్ధంగానే తోస్తుంది. వైద్యశాస్త్రం కూడా దాదాపు ఎనభై ఏళ్లు ఇదే మాట నమ్మింది కనుక, సామాన్యులు నమ్మడంలో వింత లేదు. ఈ నమ్మకంతో పాటు మరొకటి ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆకృతి గురించి అడగడం అప్రస్తుతమన్న మొహమాటం అది. మొదటిది ఆధారాలకు నిలవదు. రెండోది నిర్ణయాన్ని ఆలస్యం చేసి, ఆకృతిని కాపాడుకునే వీలున్న సమయాన్ని దాటిపోనిస్తుంది.

మొత్తం తీసేయాలన్న వాదం ఎలా సడలింది

అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1894లో ప్రచురించిన పద్ధతిలో రొమ్ముతో పాటు దాని కింది ఛాతీ కండరాలనూ, చంకలోని లింఫ్ గ్రంథులనూ కలిపి తొలగించేవారు. క్యాన్సర్ నీటిలో తైలపు బొట్టులా ఒకచోటి నుంచి చుట్టూ క్రమంగా వ్యాపిస్తుందనీ, కోత ఎంత విస్తృతంగా ఉంటే వ్యాధికి అంత ముందుగా అడ్డుకట్ట పడుతుందనీ ఆ పద్ధతి వెనుక ఉన్న ఊహ. ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకూ ప్రపంచమంతటా ఇదే ప్రామాణికమైంది. చర్మం కింద ఛాతీ ఎముకలు తేలి, చేయి వాచిపోయి బతికిన స్త్రీల సంఖ్య తక్కువేమీ కాదు.

ఈ ఊహను ప్రశ్నించినవారిలో పిట్స్‌బర్గ్‌కు చెందిన బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలోని మిలాన్‌కు చెందిన ఉంబెర్టో వెరొనేసి ముఖ్యులు. క్యాన్సర్ కణాలు చాలా ముందుగానే రక్తంలో కలిసి దూరపు అవయవాలకు చేరగలవనీ, ప్రాణం నిలవడం ఆ దూరవ్యాప్తి మీద ఆధారపడుతుందే తప్ప రొమ్ములో కోత ఎంత పెద్దదన్నదాని మీద కాదనీ ఫిషర్ వాదించారు. వాదన తేలడానికి ప్రయోగం కావాలి. మిలాన్‌లో 1973, 1980 మధ్య రెండు సెంటీమీటర్లలోపు గడ్డ ఉన్న 701 మంది స్త్రీలను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి హాల్‌స్టెడ్ పద్ధతిలోనూ, మరో వర్గానికి గడ్డ ఉన్న పావుభాగం మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చే పద్ధతిలోనూ చికిత్స చేశారు. రొమ్ము మొత్తం తీయడం, గడ్డ మాత్రమే తీయడం, గడ్డ తీసి రేడియేషన్ ఇవ్వడం అనే మూడింటినీ పోల్చుతూ అమెరికాలో 1976లో మొదలైన బీ-06 అనే ప్రయోగంలో 1,851 మంది ఫలితాలను విశ్లేషించారు. రెండింటి ఇరవయ్యేళ్ల ఫలితాలూ 2002లో వెలువడ్డాయి, రెండూ ఒకే దిశలో ఉన్నాయి. మిలాన్‌లో రొమ్ము క్యాన్సర్‌తో మరణించినవారు రొమ్ము నిలుపుకొన్నవారిలో 26.1 శాతం, మొత్తం తీసినవారిలో 24.3 శాతం, గణితపరంగా దాన్ని తేడాగా పరిగణించలేం.

అయితే తేడా అసలే లేదని చెప్పడం కూడా సరికాదు. మిలాన్‌లో రొమ్ము నిలుపుకొన్న 352 మందిలో 30 మందికి అదే రొమ్ములో వ్యాధి తిరిగి వచ్చింది. మొత్తం తీసిన 349 మందిలో ఆ చోట తిరిగి వచ్చింది 8 మందికే. అంటే స్థానికంగా తిరగబెట్టే అవకాశం రొమ్ము నిలుపుకొన్నవారిలో కొంత ఎక్కువే. అలా తిరిగి వచ్చినప్పుడు రొమ్మును తొలగించి చికిత్స కొనసాగించవచ్చు కనుక, జాగ్రత్తగా పరీక్షలు చేయించుకునేవారిలో ఆ తేడా మరణాల తేడాగా మారలేదు. స్వీడన్‌లో దాదాపు 49 వేల మంది రికార్డులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలోనైతే రొమ్ము నిలుపుకుని రేడియేషన్ తీసుకున్నవారే ఎక్కువ కాలం బతికినట్టు కనిపించింది. కానీ అది యాదృచ్ఛిక ప్రయోగం కాదు. మొదటి నుంచీ ఆరోగ్యం బాగున్నవారే ఆ చికిత్సను ఎంచుకుని ఉండే అవకాశాన్ని ఎన్ని గణిత సవరణలు చేసినా పూర్తిగా తోసిపుచ్చలేం. అందువల్ల రొమ్ము నిలిపే చికిత్స ప్రాణరక్షణలో తీసిపోదన్నంతవరకే గట్టిగా చెప్పగలిగేది.

రేడియేషన్ లేకుండా ఈ లెక్క కుదరదు

వాడుకలో ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ ఈ చికిత్సలో సగభాగం. బీ-06లో గడ్డ మాత్రమే తీసి ఊరుకున్నవారిలో ఇరవయ్యేళ్లలో 39.2 శాతం మందికి అదే రొమ్ములో వ్యాధి తిరిగి వచ్చింది. రేడియేషన్ తీసుకున్నవారిలో అది 14.3 శాతానికి తగ్గింది. కంటికి, చేతికి, స్కానింగ్‌కు అందని కణాలు గడ్డ చుట్టుపక్కల మిగిలి ఉండటమే దీనికి కారణం. పదిహేడు ప్రయోగాలలోని 10,801 మంది సమాచారాన్ని కలిపి 2011లో ప్రచురించిన విశ్లేషణలో, రేడియేషన్ వల్ల పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 25.2 శాతం నుంచి 21.4 శాతానికి తగ్గినట్టు తేలింది. వయసు పైబడి, హార్మోన్లకు స్పందించే చిన్న గడ్డ ఉండి, ఆ హార్మోన్లను అడ్డుకునే మాత్రలు క్రమం తప్పకుండా వాడగలిగే కొందరిలో దీన్ని మినహాయించే వీలుంది. మిగిలినవారు రేడియేషన్ తీసుకోలేకపోతే, రొమ్ము నిలపడం వారికి సురక్షితమైన దారి కాదు.

ఇక్కడే మరో అపోహ ఉంది. రొమ్ము తీయించుకుంటే కీమో, రేడియేషన్ రెండూ తప్పుతాయని చాలామంది అనుకుంటారు. కీమో అవసరమా కాదా అన్నది గడ్డ స్వభావం, చంక గ్రంథుల స్థితి నిర్ణయించే విషయం. రొమ్ము ఉందా పోయిందా అన్నదానితో దానికి సంబంధం లేదు. గడ్డ పెద్దదైనా, చంక గ్రంథులకు వ్యాధి పాకినా రొమ్ము తీసిన తర్వాత కూడా రేడియేషన్ ఇవ్వవలసి రావచ్చు.

సిరా అంటని అంచు

తీసిన కండముక్క ఉపరితలానికి రంగు సిరా పూసి, పాథాలజీ నిపుణులు దాన్ని పలుచటి పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. సిరా పూసిన అంచున క్యాన్సర్ కణాలు కనిపిస్తే, కొంత లోపలే మిగిలిపోయి ఉండవచ్చునని అర్థం. ఆ అంచుకూ క్యాన్సర్‌కూ మధ్య ఎన్ని మిల్లీమీటర్ల ఎడం ఉండాలన్న దానిపై చాలాకాలం ఏకాభిప్రాయం లేదు. ఒక ఆసుపత్రిలో చాలునన్నది మరో ఆసుపత్రిలో చాలదనిపించుకునేది. సిరా మీద క్యాన్సర్ కణం లేకపోతే చాలునని, అంతకుమించిన వెడల్పు వల్ల అదనపు రక్షణ లేదని 2014లో అమెరికా సర్జన్ల, రేడియేషన్ వైద్యుల సంఘాలు ఉమ్మడిగా ప్రకటించాయి. పాలనాళాలలోనే ఉండి ఇంకా బయటికి చొచ్చుకురాని తొలిరూపానికి మాత్రం 2016లో రెండు మిల్లీమీటర్లని నిర్ణయించారు.

ఈ సాంకేతిక నిర్ణయానికి ఆకృతితో నేరుగా సంబంధం ఉంది. అంచు చాలలేదని మళ్లీ ఆపరేషన్ చేసిన ప్రతిసారీ మరికొంత కండ పోతుంది, పాత గాయం మీదే కొత్త గాయం పడుతుంది. అనవసరమైన వెడల్పు కోసం చేసే రెండో కోత ప్రాణానికి మేలు చేయకపోగా రూపానికి కీడు చేసేది.

రూపం ఎందుకు చెడుతుంది

అన్నిటికన్నా ముందు చూడవలసింది నిష్పత్తి. గడ్డ ఇన్ని సెంటీమీటర్లు అన్న అంకె రిపోర్టులో కనిపిస్తుంది గానీ, సర్జన్ తీసేది గడ్డను ఒక్కదాన్నే కాదు, దాని చుట్టూ సుమారు ఒక సెంటీమీటరు ఆరోగ్యకరమైన కండను కూడా. రెండు సెంటీమీటర్ల గడ్డ అయితే నాలుగు సెంటీమీటర్ల గోళాన్ని, అంటే దాదాపు 34 మిల్లీలీటర్ల కండను తీసినట్టు. గడ్డ మూడు సెంటీమీటర్లయితే గోళం అయిదు సెంటీమీటర్లవుతుంది, తీసే కండ 65 మిల్లీలీటర్లవుతుంది. గడ్డ ఒక సెంటీమీటరు పెరిగితే తీసే కండ దాదాపు రెట్టింపవుతుందన్నమాట. ఆ 65 మిల్లీలీటర్లు 800 మిల్లీలీటర్ల రొమ్ములో ఎనిమిది శాతం. 300 మిల్లీలీటర్ల రొమ్ములో దాదాపు 22 శాతం. మొదటిదాంట్లో లోటు కనబడకుండా సర్దుకుంటుంది, రెండోదాంట్లో స్పష్టంగా కనిపిస్తుంది. పది శాతం లోపు తీసినప్పుడు ఫలితం సాధారణంగా బాగుంటుందనీ, ఇరవై శాతం దాటితే మామూలు పద్ధతిలో కుట్టేస్తే వికృతి తప్పదనీ సర్జన్లు లెక్కలోకి తీసుకునే మాట. చిన్న పరిమాణం గల రొమ్ములున్న స్త్రీలలో చిన్న గడ్డ కూడా పెద్ద సమస్యగా మారడానికి కారణం ఈ శాతమే.

రెండోది గడ్డ ఉన్న చోటు. చంక వైపు పైభాగంలో కండ సమృద్ధిగా ఉంటుంది, పక్కనున్న కండ జరిగి ఖాళీని నింపగలదు. అదృష్టవశాత్తు ఎక్కువ గడ్డలు వచ్చేదీ అక్కడే. లోపలివైపు పైభాగం, అంటే జాకెట్టు మెడ దగ్గర కనిపించే చోటు, కండ తక్కువగా ఉండే ప్రాంతం. అక్కడ పడిన చిన్న గుంట కూడా దాగదు. కిందిభాగంలో తీసినప్పుడు పైనున్న రొమ్ము బరువుకు ఆసరా పోయి, చనుమొన కిందికి వంగి, ఆకారం పక్షి ముక్కులా మారుతుంది. చనుమొన వెనుక భాగంలోనైతే చనుమొననే తీయవలసి రావచ్చు.

మూడో కారణం ఎక్కువమందికి తెలియదు, పైగా అది మోసపుచ్చుతుంది. పాతపద్ధతిలో గడ్డ తీసిన ఖాళీని అలాగే వదిలి పైన చర్మాన్ని కుట్టేవారు. ఆ ఖాళీ కొద్దిరోజుల్లో ఒంటి ద్రవంతో నిండుతుంది, రొమ్ము నిండుగా, ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. డిశ్చార్జి నాటి ఆ నిండుదనం చూసి రోగీ, సర్జనూ ఇద్దరూ తృప్తి పడతారు. కొన్ని నెలల్లో ద్రవం ఇంకిపోయి, దాని స్థానంలో మచ్చకండ ఏర్పడి, అది కుంచించుకుపోతూ చర్మాన్నీ చనుమొననూ తనవైపు లాగుతుంది. దీని మీద రేడియేషన్ పడితే ఆ కుంచించుకుపోవడం మరింత బలపడుతుంది. రేడియేషన్ సన్నని రక్తనాళాలను దెబ్బతీసి, కండలో నారలాంటి గట్టి పదార్థాన్ని పెంచుతుంది. వాపు, రంగు మార్పు మొదట్లోనే కనిపించి చాలావరకు తగ్గినా, ఈ గట్టిదనం మాత్రం నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ బయటపడుతుంది. కాబట్టి ఆపరేషన్ అయిన ఆరు వారాలకు తీసిన ఫోటో ఈ విషయంలో దాదాపు ఏమీ చెప్పదు. మూడేళ్ల తర్వాతి రూపమే నమ్మదగినది. ఆ తర్వాత కూడా ఒక తేడా కొనసాగుతుంది: ఒళ్లు పెరిగితే, వయసు మీదపడితే రెండో రొమ్ము పెరుగుతుంది, జారుతుంది, రేడియేషన్ పడినది ఆ మార్పులకు అంతగా లొంగదు.

మోతాదు విషయంలో ఇచ్చిపుచ్చుకోవడం ఎంత సున్నితమో ఒక ఐరోపా ప్రయోగం చూపుతుంది. రొమ్ము మొత్తానికి 50 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలమానం) ఇచ్చాక గడ్డ ఉన్న చోటికి అదనంగా 16 గ్రేలు ఇచ్చి చూస్తే, ఇరవయ్యేళ్లలో ఆ రొమ్ములో వ్యాధి తిరిగి రావడం 16.4 శాతం నుంచి 12 శాతానికి తగ్గింది; తీవ్రమైన గట్టిదనం మాత్రం 1.8 శాతం నుంచి 5.2 శాతానికి పెరిగింది. చిన్నవయసువారిలో మొదటి లాభం ఎక్కువ కనుక వారికి ఆ అదనపు మోతాదు న్యాయమే. అందరికీ యాంత్రికంగా ఇవ్వడం మాత్రం కాదు.

ఆంకోప్లాస్టీ ఏం చేస్తుంది, ఏం చేయలేదు

క్యాన్సర్ సర్జరీ సూత్రాలనూ ప్లాస్టిక్ సర్జరీ మెళకువలనూ ఒకే ఆపరేషన్‌లో కలిపే ఈ పద్ధతికి 1990లలో ఆంకోప్లాస్టీ అన్న పేరు స్థిరపడింది; జర్మనీ సర్జన్ వెర్నర్ ఆడ్రెట్ష్ దాని ఆద్యులలో ఒకరు. పారిస్‌కు చెందిన క్రిష్ణ క్లఫ్ బృందం దీన్ని రెండు మెట్లుగా విభజించింది. తీసేది ఇరవై శాతం లోపైతే పక్కనున్న కండను విడదీసి, ఖాళీలోకి జరిపి కుట్టడం, అవసరమైతే చనుమొనను మళ్లీ మధ్యకు తేవడం మొదటి మెట్టు. ఇరవై నుంచి యాభై శాతం వరకూ తీయవలసి వస్తే, రొమ్ము పరిమాణం తగ్గించే ఆపరేషన్‌లో వాడే కోతలతో మొత్తం ఆకారాన్ని తిరిగి మలచడం రెండో మెట్టు. బరువైన రొమ్ములున్నవారికి ఇందులో మరో లాభం ఉంది: పెద్ద రొమ్ములో రేడియేషన్ మోతాదు సమంగా పరుచుకోదు, దుష్ఫలితాలు ఎక్కువ, పరిమాణం తగ్గితే ఆ ఇబ్బందీ తగ్గుతుంది.

చిన్న రొమ్ములలో జరపడానికి కండ ఉండదు. అక్కడ బయటి నుంచి తేవాలి. చంక కింద, పక్కటెముకల మీద ఉండే చర్మాన్నీ కొవ్వునూ రక్తనాళంతో సహా తిప్పి ఖాళీలో అమర్చడం ఇప్పుడు ఎక్కువగా వాడే మార్గం. మచ్చ చేయి కింద, జాకెట్టు లోపల దాగుతుంది. వీపు కండరంలో కొంత భాగాన్ని తెచ్చే పాత పద్ధతి కూడా ఉంది గానీ, దానికి కోలుకునే సమయం ఎక్కువ.

దీనికి ఖర్చు లేకపోలేదు, డబ్బులోనే కాదు. ఆపరేషన్ సమయం పెరుగుతుంది. పెద్ద కోతల్లో ఎక్కడైనా గాయం మానకపోతే కీమో, రేడియేషన్ వెనక్కి జరిగే ప్రమాదం ఉంది. కండను చుట్టూ తిప్పి అమర్చాక అంచు చాలలేదని రిపోర్టు వస్తే, ఏ కండ మొదట ఎక్కడ ఉండేదో పోల్చుకోవడం కష్టం; అందుకే గడ్డ ఉన్న చోట చిన్న లోహపు క్లిప్పులు వదులుతారు, రేడియేషన్ వైద్యులకూ అవే గుర్తులు. రెండు వైపులా సమానం కావాలంటే ఆరోగ్యంగా ఉన్న రొమ్ము మీద కూడా కోత పెట్టవలసి రావచ్చు, దానికి అందరూ ఒప్పుకోరు. ఇన్ని ఉన్నా దీన్ని మొదటి ఆపరేషన్‌లోనే చేయాలని సర్జన్లు పట్టుబట్టడానికి కారణం ఒకటే: రేడియేషన్ పడిన కండ కోతకు సరిగా మానదు, జరిపితే జరగదు. అప్పుడు మిగిలేది కొవ్వు ఎక్కించడం, లేదా వేరే చోటి కండ తేవడం.

ఎవరి కళ్లతో కొలవాలి

ఫలితం బాగుందని చెప్పడం తేలిక, కొలవడం కష్టం. అమెరికాలో జే హారిస్ బృందం 1979లో ప్రతిపాదించిన నాలుగు మెట్ల కొలమానం ఇప్పటికీ వాడుకలో ఉంది: అత్యుత్తమం, బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు. చూసే కన్ను మారితే మెట్టు మారుతుందన్నది దాని లోపం. పోర్చుగల్‌లో రూపొందిన ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ ఫోటోలో చనుమొనల ఎత్తు, రంగు, మచ్చల తేడాలను లెక్కించి మెట్టు నిర్ణయిస్తుంది. దానికి పక్షపాతం లేదు గానీ, ముట్టుకుంటే గట్టిగా ఉందా, నొప్పిగా ఉందా అన్నది ఫోటోకు తెలియదు. 2009లో వచ్చిన బ్రెస్ట్-క్యూ అనే ప్రశ్నావళి నేరుగా స్త్రీలనే అడుగుతుంది. ఈ మూడు కొలతలూ తరచూ ఏకీభవించవు. డాక్టరు ‘ఫరవాలేదు’ అన్న ఫలితాన్ని రోగి ‘బాగుంది’ అనవచ్చు, ఎందుకంటే ఆమె పోల్చుకునేది రొమ్ము మొత్తం పోయిన స్థితితో. దీనికి విరుద్ధంగా, ఫోటోలో లోపం కనబడని స్త్రీ స్పర్శ పోయిందని బాధపడవచ్చు. కాబట్టి ఏ ఆసుపత్రి అయినా ‘ఇంత శాతం మంచి ఫలితాలు’ అని ప్రకటించినప్పుడు, ఎవరు, ఎన్నేళ్ల తర్వాత కొలిచారన్నది తెలియకుండా ఆ అంకెకు విలువ కట్టలేం.

తెలుగు రాష్ట్రాల్లో నిర్ణయం ఎక్కడ చిక్కుకుంటుంది

ప్రపంచ క్యాన్సర్ గణాంకాల ప్రకారం 2022లో భారతదేశంలో కొత్తగా 1,92,020 మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, 98,337 మంది మరణించారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ గడ్డ పెద్దదయ్యాక ఆసుపత్రికి వచ్చేవారు ఎక్కువ. నిష్పత్తి లెక్క అక్కడే సగం తప్పుతుంది. మిగతా సగం దూరంలో ఉంది. రేడియేషన్ యంత్రాలు హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ–గుంటూరు, తిరుపతి వంటి నగరాల చుట్టూనే ఎక్కువగా ఉన్నాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ చికిత్స ఖర్చును చాలావరకు మోసింది గానీ, ఆదిలాబాద్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో వారాల తరబడి గది అద్దెకు తీసుకుని, తోడు ఒకరిని పెట్టుకుని, కూలి పోగొట్టుకునే ఖర్చు చికిత్స ప్యాకేజీ లెక్కలోకి రాదు. ‘మొత్తం తీసేయండి’ అన్న మాట వెనుక భయమే కాదు, ఈ లెక్క కూడా ఉంటుంది.

ఈ చిక్కును కొంత సడలించింది బ్రిటన్ పరిశోధన. అయిదు వారాల్లో 25 విడతలుగా ఇచ్చే 50 గ్రేల బదులు మూడు వారాల్లో 15 విడతలుగా 40 గ్రేలు ఇస్తే వ్యాధి అదుపులో లోపం లేదనీ, రొమ్ము కుంచించుకుపోవడం తగ్గుతుందనీ స్టార్ట్ ప్రయోగాలు చూపాయి. 2020లో వెలువడిన ఫాస్ట్-ఫార్వర్డ్ ఫలితాల్లో ఒక్క వారంలో అయిదు విడతలుగా ఇచ్చిన 26 గ్రేలు కూడా అయిదేళ్ల వరకు తీసిపోలేదు. అదే ప్రయోగంలో 27 గ్రేలు తీసుకున్నవారిలో కండ గట్టిపడటం వంటివి పెరిగాయి. ఒక్క గ్రే తేడా కొలతకు అందేంత ప్రభావం చూపిందంటే, విడత పెద్దదయ్యేకొద్దీ కొలతలో ఎంత కచ్చితత్వం అవసరమో తెలుస్తుంది.

మరో అడ్డంకికి యంత్రాలతో పనిలేదు, అలవాటు మారితే చాలు. గడ్డ కనబడగానే చిన్న ఆసుపత్రిలో ‘తీసి పరీక్షకు పంపుదాం’ అనడం ఇప్పటికీ ఉంది. సూది బయాప్సీ చేయకుండా అలా తీసిన గడ్డ క్యాన్సరని తేలితే, అంచులు ఎక్కడివో తెలియవు, కోత తప్పు చోట ఉంటుంది, రెండో ఆపరేషన్‌లో ఆ మచ్చనూ, దాని చుట్టూ ఉన్న కండనూ కలిపి తీయాలి. సూది బయాప్సీ గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం చాలామందిలో ఉంది. దానికి భయపడి చేయించుకునే ఈ కోత రొమ్ము నిలిచే అవకాశాన్నే తీసుకుపోతుంది.

గడ్డ పెద్దదైనప్పుడు ముందుగా కీమో ఇచ్చి కుంచించాక ఆపరేషన్ చేయడం మరో దారి. అమెరికాలోని బీ-18 ప్రయోగంలో ఇలా చేసినప్పుడు రొమ్ము నిలుపుకోగలిగినవారు 60 శాతం నుంచి 68 శాతానికి పెరిగారు. స్థానికంగా తిరగబెట్టడం ఈ దారిలో కొంత ఎక్కువని 2018 నాటి ఉమ్మడి విశ్లేషణ హెచ్చరించింది, పదిహేనేళ్లకు 15.9 శాతం బదులు 21.4 శాతం, అయితే మరణాల్లో తేడా లేదు. ఇక్కడా ఫలితం ఒక చిన్న వస్తువు మీద ఆధారపడుతుంది. కీమో బాగా పనిచేస్తే గడ్డ చేతికీ, స్కానింగ్‌కూ అందకుండా కరిగిపోతుంది. మొదలుపెట్టే ముందు గడ్డ మధ్యలో లోహపు క్లిప్పు పెట్టి ఉంటే సర్జన్ దాని ఆధారంగా ఆ చిన్న భాగాన్నే తీయగలడు. పెట్టకపోతే ఎక్కడ కోయాలో తెలియదు. మందు పూర్తిగా పనిచేసిన రోగికి కూడా, ఆ గుర్తు లేని కారణంగానే, రొమ్ము మొత్తం తీయవలసి వస్తుంది.